మండువేసవిలో క్రీస్తు జయంతి: దక్షిణ దేశాల సంఘచరిత్ర – ఒక పరిశీలన

క్రీస్తు జన్మదినాన్ని మండువేసవిలో ఆచరించే సంఘాలు లోకంలో ఎన్నో ఉన్నాయి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా, ఫిజీ, బ్రెజిల్‌లో అధిక భాగం – భూమధ్యరేఖకు దిగువనున్న ఈ దేశాలకు డిసెంబరు అంటే ఎండాకాలం. మెల్బోర్న్, అడిలైడ్ వంటి నగరాలలో ఆ నెలలో కొన్ని రోజులు వేడిమి 40 డిగ్రీలు దాటుతుంది. మెల్బోర్న్‌లో క్రిస్మస్ ముందురాత్రి తొమ్మిది దాటితే గాని చీకటి పడదు. మన గుంటూరులోనో ఖమ్మంలోనో మే నెలలో క్రిస్మస్ వస్తే ఎలా ఉంటుందో ఊహించుకుంటే ఆ విశ్వాసుల పరిస్థితి కొంత అర్థమవుతుంది.

ఈ సంగతి వింతగా తోచి ఊరుకోదగినది కాదు. మన క్రిస్మస్ ప్రసంగాలలో, నాటికలలో, గ్రీటింగ్ కార్డులలో చలి, మంచు, చీకటి విడదీయరాని వస్తువులైపోయాయి. పశువుల పాకలో శిశువు చలికి వణికాడని చెప్పని ప్రసంగీకుడు అరుదు. లూకా సువార్త రెండవ అధ్యాయంలో జనసంఖ్య ఉంది, ప్రయాణం ఉంది, పొత్తిగుడ్డలు, తొట్టి, గొర్రెల కాపరులు, రాత్రి ఉన్నాయి. నెల పేరు లేదు, మంచు లేదు. మరి ఈ శీతకాలం ఎక్కడినుంచి వచ్చింది? అది లేకుండా పండుగ చేసుకోవలసి వచ్చిన సంఘాలు దేనితో ఆ ఖాళీని నింపుకున్నాయి? చరిత్రలో ఈ రెండు ప్రశ్నలకూ జవాబులున్నాయి. రెండవ ప్రశ్నకు జవాబు మహాసభల తీర్మానాలలో కంటె వంటగదులలో, కొమ్మలు నరికి తెచ్చిన చేతులలో ఎక్కువగా దొరుకుతుంది.

చలికాలంతో ముడి ఎలా పడింది

డిసెంబరు 25ను క్రీస్తు జన్మదినంగా పేర్కొన్న ప్రాచీన ఆధారాలలో ముఖ్యమైనది క్రీ.శ. 354 నాటి రోమా పంచాంగ సంకలనం. ఆ తేదీ ఎందుకు ఎన్నుకొనబడిందనే విషయంలో పండితులు రెండు విధాలుగా చెబుతారు. క్రీ.శ. 274లో ఔరేలియను చక్రవర్తి అజేయ సూర్యుని ఆరాధనను రాజలాంఛనాలతో నెలకొల్పాడు గనుక ఆ సూర్య పండుగకు బదులుగా సంఘం నీతిసూర్యుని పండుగను నిలిపిందని ఒక వాదం. మార్చి 25న ప్రభువు సిలువ వేయబడ్డాడనీ, అదే తేదీన గర్భమున ధరింపబడ్డాడనీ తొలి క్రైస్తవులు లెక్కకట్టి, దానికి తొమ్మిది నెలలు కలిపారని ఇంకొక వాదం. ఈ రెండవ లెక్క అగస్టీను రాసిన త్రిత్వ గ్రంథంలో కనిపిస్తుంది.

తేదీ ఏ దారిన వచ్చినా, వచ్చిన తరువాత దానికి ఒక ప్రకృతి వ్యాఖ్యానం తోడైంది. రోమా లెక్కలో డిసెంబరు 25 సంవత్సరంలో పగలు అతి తక్కువగా ఉండే రోజు. అక్కడినుంచి వెలుగు పెరుగుతుంది. హిప్పో బిషప్పైన అగస్టీను తన క్రిస్మస్ ప్రసంగాలలో ఈ పోలికను మళ్లీ మళ్లీ వాడుకున్నాడు. జూన్ 24న బాప్తిస్మమిచ్చు యోహాను జన్మదినం. అప్పటినుంచి పగలు తగ్గుతుంది. తాను తగ్గి క్రీస్తు హెచ్చాలని యోహాను చెప్పిన మాట (యోహాను 3:30) సూర్యగమనంలోనే రాసి ఉందని ఆయన భావం. ఎంతో అందమైన పోలిక. కాని దీన్ని సిడ్నీలో చెప్పండి. అక్కడ క్రీస్తు జన్మదినం నుంచి వెలుగు తగ్గడం మొదలవుతుంది, యోహాను జన్మదినం నుంచి పెరుగుతుంది! పోలిక పూర్తిగా తలకిందులవుతుంది. సువార్త మాత్రం తలకిందులు కాదు. ప్రకృతినుంచి తీసుకున్న సాదృశ్యానికీ ప్రత్యక్షతకూ మధ్యనున్న తేడాను విద్యార్థులకు బోధించడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఓడలలో, శిక్షావలసలో

ఐరోపా వారు దక్షిణ సముద్రాలకు చేరిన తొలినాళ్లలో క్రిస్మస్ ఓడ మీది పండుగ. 1642లో డచ్చి నావికుడు ఏబెల్ టాస్మన్ రెండు ఓడలతో న్యూజిలాండ్ తీరం చేరాడు. మావోరీలతో జరిగిన ఘర్షణలో అతని మనుషులు నలుగురు చనిపోయిన కొద్ది రోజులకే క్రిస్మస్ వచ్చింది. గాలివాన వల్ల లంగరు వేసి, అప్పుడే కోసిన పందిమాంసంతో, ద్రాక్షారసంతో పండుగ గడిపారు. 1643 జనవరి మొదటి వారంలో ఉత్తరపు కొసన కొన్ని దీవులు కనిపించాయి. అది జ్ఞానుల ప్రత్యక్షతా పండుగ సమయం గనుక వాటికి ‘ముగ్గురు రాజుల దీవులు’ అని పేరు పెట్టాడు. ఆ పేరు పటాలలో నేటికీ ఉంది. 1769లో కెప్టెన్ కుక్ ఓడ అదే దీవుల దగ్గర ఉండగా క్రిస్మస్ వచ్చింది. ఇంగ్లండులో పండుగకు బాతుమాంసం ఆచారం. ఇక్కడ బాతు లేదు. ఓడలోని శాస్త్రజ్ఞుడు జోసెఫ్ బ్యాంక్స్ గానెట్ అనే సముద్రపక్షులను వేటాడి తెచ్చాడు. వాటితో పిండివంట చేసుకుని దానికే బాతు వంటకమని పేరు పెట్టుకున్నారు. పేరు పాతది, పదార్థం కొత్తది. తరువాతి 150 ఏళ్లూ దాదాపు ఇదే పద్ధతి సాగింది.

1788 జనవరిలో బ్రిటిషు ఖైదీల ఓడలు సిడ్నీ చేరాయి. వారితో వచ్చిన మొదటి చాప్లిన్ రిచర్డ్ జాన్సన్. ఫిబ్రవరి 3న ఒక చెట్టు నీడలో మొదటి ఆరాధన జరిగింది. ఐదేళ్లు గడిచినా ప్రభుత్వం గుడి కట్టించలేదు. చివరికి ఆయనే సొంత డబ్బుతో కర్రల తడికలు అల్లించి, మట్టి మెత్తించి, పైన గడ్డి కప్పించి గుడి కట్టుకున్నాడు. 1793 ఆగస్టులో అందులో మొదటి ఆరాధన జరిగింది. ఇది చదువుతుంటే మన పల్లెలలోని తొలి ప్రార్థనా మందిరాలు కళ్లముందు కదులుతాయి. ఆ ఏడాది క్రిస్మస్ ఆరాధనకు వచ్చినది ముప్పై నలభై మంది మాత్రమే. రేషను ఇచ్చే రోజున మాత్రం గిడ్డంగి తలుపుల ముందు నాలుగైదు వందల మంది నిలబడేవారని అప్పటి న్యాయాధికారి డేవిడ్ కాలిన్స్ తన చరిత్రలో రాశాడు. సంఘ హాజరు గురించి బాధపడే పాస్టర్లకు ఇది కొంత ఓదార్పు కావచ్చు! ఆ మట్టి గుడిని 1798లో ఎవరో తగులబెట్టారు.

ఓయిహీ తీరం, 1814

ఈ చరిత్రలో నా దృష్టికి అన్నిటికంటె విలువైన ఘట్టం న్యూజిలాండ్‌లోని బే ఆఫ్ ఐలాండ్స్ ప్రాంతంలో ఓయిహీ తీరాన జరిగింది. 1814 డిసెంబరు 25, ఆదివారం. చర్చ్ మిషనరీ సొసైటీ తరఫున వచ్చిన శామ్యూల్ మార్స్‌డెన్ ఆ నాడు లూకా 2:10 మూలవాక్యంగా ప్రసంగించాడు. ఆ దేశంలో క్రైస్తవ మిషను ఆరంభానికి ఈ దినాన్నే గుర్తుగా చెప్పుకుంటారు. 1907లో అక్కడ ఒక రాతి సిలువ నిలిపారు.

మార్స్‌డెన్ పేరు చరిత్రలో ప్రముఖంగా ఉంది. కాని ఆ క్రిస్మస్‌ను ఏర్పాటు చేసినవాడు రువాతారా అనే మావోరీ యువ నాయకుడు. ఇంగ్లండు రాజును చూడాలని ఓడ పనిలో చేరి, రాజును చూడలేక, దెబ్బలు తిని, జబ్బుపడి తిరిగి వస్తుండగా 1809లో అదే ఓడలో మార్స్‌డెన్ ఇతనిని చూశాడు. శుశ్రూష చేయించి, సిడ్నీ దగ్గర పర్రమట్టాలోని తన ఇంట ఉంచుకున్నాడు. అక్కడ రువాతారా వ్యవసాయం నేర్చుకొని గోధుమ విత్తనం స్వదేశానికి పట్టుకెళ్లాడు. నేలలో గడ్డలు పండించడం ఎరిగినవారు గోధుమ మొక్కలను పెకలించి, కింద గడ్డలు లేవని నవ్వారట. 1814లో మిషనువారు చేతి తిరగలి పంపినప్పుడు అతడు ఆ గోధుమలు విసిరి, పెనం మీద రొట్టె కాల్చి అందరికీ పంచాడు. నవ్వినవారు ఆనందంతో నాట్యమాడారు. న్యూజిలాండ్‌లో సువార్త ప్రసంగానికి ముందు వినబడినది తిరగలి చప్పుడు.

డిసెంబరు 24న, ఎవరూ చెప్పకుండానే, రువాతారా సుమారు అర ఎకరం నేలకు కంచె కట్టించాడు. పాత పడవ చెక్కలతో ప్రసంగ వేదికను, చదివే బల్లను చేయించి వాటికి బట్ట చుట్టించాడు. తెల్లవారు కూర్చోవడానికి పాత పడవల అడుగుభాగాలను బోర్లించి పెట్టించాడు. గుడి లేదు, గంట లేదు, మంచు లేదు. డిసెంబరు ఎండలో సముద్రపు ఒడ్డున నూరవ కీర్తన పాడారు. మార్స్‌డెన్ ఇంగ్లీషులో ప్రసంగించాడు. అర్థం కాలేదని జనం అంటే, తరువాత తెలుస్తుందిలెమ్మని రువాతారా చెప్పి, ప్రసంగం అయ్యాక తన భాషలో వివరించాడు. అతడు ఆ వివరణలో ఏమి చెప్పాడో ఎవరూ రాసిపెట్టలేదు. అది అనువాదమా, లేక తెల్లవారి రాకవల్ల తన జనులకు కలిగే మేలు గురించిన ఉపన్యాసమా అని చరిత్రకారులు ఇప్పటికీ తర్కిస్తున్నారు. రెండూ కలిసే ఉంటాయని నా అభిప్రాయం. 1815 మార్చి మొదటి వారంలో రువాతారా జబ్బుచేసి మరణించాడు. అతడు బాప్తిస్మం పొందలేదు. మావోరీలలో మొదటి బాప్తిస్మం 1825లో గాని జరగలేదు.

మార్స్‌డెన్‌ను పరిశుద్ధుడుగా చూపడం నా ఉద్దేశం కాదు. పర్రమట్టాలో మేజిస్ట్రేటుగా ఖైదీలకు విధించిన కొరడా దెబ్బల వల్ల ‘కొరడా పాదిరి’ అని అతనికి పేరు వచ్చింది. మహా సంతోషపు సువార్తను మావోరీలకు ప్రకటించిన నోరే ఐరిషు ఖైదీలకు శిక్షలు విధించింది. మిషను చరిత్ర రాసేవారు ఒక పుట చూపించి ఒక పుట దాచడం తగదు. ఆ ఓయిహీ దినం గురించి విల్లో మెకీ అనే న్యూజిలాండ్ రచయిత్రి ‘తే హరినుయి’ అనే క్రిస్మస్ పాట రాసింది. ఆ పేరుకు మావోరీ భాషలో మహా సంతోషమని అర్థం.

కొమ్మలు, పువ్వులు – అవి ఎవరివి?

ఇంగ్లండులో గుళ్లను, ఇళ్లను హాలీ, ఐవీ కొమ్మలతో అలంకరించేవారు. చలికాలంలో పచ్చగా నిలిచేవి అవే గనుక ఆ ఎంపిక. దక్షిణ దేశాలకు వచ్చిన వలసవారికి ఆ కొమ్మలు దొరకలేదు. కాని డిసెంబరులో చుట్టూ పూచిన అడవి కనిపించింది.

న్యూ సౌత్ వేల్స్‌లో ఒక పొద ఉంది, దానికి ‘క్రిస్మస్ బుష్’ అనే పేరు స్థిరపడింది. దీని అసలు పువ్వులు వసంతంలో పూచే చిన్న తెల్లనివి. పూత రాలాక రక్షకపత్రాలు పెరిగి, క్రిస్మస్ నాటికి ఎర్రబడతాయి. జనం పువ్వులనుకునే ఎరుపు నిజానికి పువ్వు కాదు. 19వ శతాబ్దపు మధ్యకాలం నాటికి ఈ కొమ్మలను సిడ్నీ చుట్టుపక్కల అడవుల నుంచి మోపులు మోపులుగా తెచ్చి వీధులలో అమ్మేవారు. అడవి పూలను ఇష్టం వచ్చినట్టు కోయకుండా 1927లో ఆ రాష్ట్రం చట్టం చేయవలసి వచ్చింది. విక్టోరియాలో, దక్షిణ ఆస్ట్రేలియాలో తెల్లగా పూచే వేరే పొదలకు అదే పేరు పెట్టుకున్నారు. పేరు ఒకటే, మొక్కలు మూడు.

న్యూజిలాండ్‌లో ఆ స్థానం పొహుతుకావా చెట్టుది. సముద్రతీరపు కొండల అంచున పెరిగి డిసెంబరులో ఎర్రని కేసరాలతో చెట్టంతా మండినట్టు పూస్తుంది. విశాలమైన పొహుతుకావా కింద ఆరాధన జరిపినట్టు మిషనరీ హెన్రీ విలియమ్స్ 1833లో రాశాడు. ఈ చెట్టును ‘క్రిస్మస్ చెట్టు’ అని అచ్చులో పేర్కొన్న తొలి ప్రస్తావనగా తెలిసినది 1857 నాటిది. ఎరువేరా పతువోనే ఇచ్చిన విందులో బల్లలను ఈ పూలతో అలంకరించారన్నది ఆ ప్రస్తావన. పతువోనే తెల్ల దొర కాడు. ఆయన ఙాపుహి తెగ నాయకుడు, 1840లో బాప్తిస్మం పొందిన మావోరీ క్రైస్తవుడు. కొన్నేళ్లకు ఆస్ట్రియా దేశపు భూగర్భ శాస్త్రజ్ఞుడు హోచ్‌స్టెటర్, వలసవారు తమ గుళ్లనూ ఇళ్లనూ ఈ కొమ్మలతో అలంకరించుకుంటారని రాశాడు.

ఇక్కడ ఒక విషయం ఆలోచించదగినది. మావోరీల నమ్మకంలో పొహుతుకావా సామాన్యమైన చెట్టు కాదు. ఉత్తరపు కొసన రెయింగా అగ్రంలో కొండకు అంటుకొని ఒక ముసలి పొహుతుకావా ఉంది. చనిపోయినవారి ఆత్మలు దాని వేరు పట్టుకొని సముద్రంలోకి దిగి పూర్వికుల దేశానికి వెళ్తాయని వారి సంప్రదాయం. అంటే క్రైస్తవ విందు బల్ల మీదికి వచ్చిన పువ్వు మరణంతో సంబంధమున్న పువ్వు. పతువోనేకు ఈ సంగతి తెలియకుండా ఉంటుందా?

పశ్చిమ ఆస్ట్రేలియాలోనూ సరిగ్గా ఇటువంటి చెట్టే ఉంది. నూంగార్ ఆదివాసులు దానిని మూడ్జార్ అంటారు. డిసెంబరులో బంగారు నారింజ రంగు పూలతో నిండిపోతుంది. ఇతర మొక్కల వేళ్లనుంచి నీరు లాక్కొని బ్రతికే ఈ చెట్టు మన మామిడి కొమ్మల మీద కనిపించే బదనికకు చుట్టం. చనిపోయినవారి ఆత్మలు ఈ చెట్టు మీద విశ్రమిస్తాయని నూంగార్ల నమ్మకం. అందుచేత వారు దాని నీడన కూర్చునేవారు కారు. వలసవారు దానికి ‘క్రిస్మస్ చెట్టు’ అని పేరు పెట్టారు. ఆ పేరు పెట్టేటప్పుడు నూంగార్లను ఎవరూ అడగలేదు.

రెండు దేశాలలోనూ మృతుల చెట్టే జన్మదినపు చెట్టు అయింది. అయినా ఈ రెండూ ఒకటి కాదని నా అభిప్రాయం. ఒకచోట ఆ చెట్టు అర్థం తెలిసిన విశ్వాసి తన చేతులతో దానిని క్రీస్తు పండుగకు తెచ్చాడు. ఇంకొకచోట అర్థం తెలియని పరాయివాడు పూల రంగు చూసి పేరు మార్చాడు. దేశీయీకరణ అని మనం తరగతులలో చెప్పుకునేది మొదటిది. రెండవది కూడా చూపులకు అలాగే కనిపిస్తుంది, అందులోనే ప్రమాదం ఉంది. పతువోనే తన బల్లమీద ఆ పూలను ఉంచినప్పుడు మనసులో ఏమనుకున్నాడో మనకు దాఖలా లేదు. కాని మరణాన్ని ఎరిగినవాడే పునరుత్థాన నిరీక్షణతో ఆ కొమ్మను పట్టుకోగలడు.

వంటగదిలో జరిగిన మార్పు

క్రిస్మస్ పుడ్డింగు శీతదేశపు వంట. ఎండు ద్రాక్ష, పిండి, పశువుల కొవ్వు, రొట్టెపొడి, మసాలా దినుసులు కలిపి, గుడ్డలో మూటకట్టి, గంటల తరబడి మరిగే నీళ్లలో ఉడికిస్తారు. ఆస్ట్రేలియాకు వలస వెళ్లిన స్త్రీలు ఈ వంటను మండుటెండలో, రేకు కప్పు కింద, కట్టెల పొయ్యి ముందు నిలబడి చేశారు. ఎందుకు? జన్మభూమి మీది మమకారం ఒక కారణం. ఆ రుచి లేకపోతే పండుగే కాదనే భయం ఇంకొక కారణం. క్రమేణా ఉపాయాలు కనిపెట్టారు. పుడ్డింగును వారాల ముందే వండి దూలానికి వేలాడదీసేవారు. మాంసాన్ని ముందురోజే వండి చల్లగా వడ్డించేవారు. పండుగ భోజనం ఇంటినుంచి సముద్రపు ఒడ్డుకు, ఏటిగట్టుకు, చెట్ల నీడకు చేరింది. పుడ్డింగులో వెండి నాణెం దాచిపెట్టడం పిల్లలకు సరదా. 1966లో ఆ దేశపు నాణేలు మారినప్పుడు పాత మూడు పెన్నీల బిళ్లలను పుడ్డింగు కోసమే దాచుకున్న ఇళ్లున్నాయి.

ఈ ఇంగ్లీషు పుడ్డింగు ఎంతవరకు ఇంగ్లీషుది అనేది కూడా చూడాలి. 1927లో బ్రిటిషు ప్రభుత్వపు ఎంపైర్ మార్కెటింగ్ బోర్డు రాజుగారి వంటవాని చేత ‘సామ్రాజ్య క్రిస్మస్ పుడ్డింగు’ తయారుచేసే పద్ధతిని రాయించి ప్రచారం చేసింది. అందులో ఎండు ద్రాక్ష ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికాలది, లవంగాలు జాంజిబారువి, దాల్చినచెక్క ఇండియాదో సింహళానిదో, పంచదార వెస్టిండీసుది. చలికాలపు వంటకంలో చలిదేశానివి పిండి, కొవ్వు, గుడ్లు, రొట్టెపొడి వంటివే. మిగిలిందంతా ఎండదేశాలలో చెమటోడ్చినవారి పంట.

ఆస్ట్రేలియా ఇళ్లలో ఓవెన్‌లో కాల్చకుండా చేసుకునే తీపి ఒకటి ఉంది. కొబ్బరినూనెను గడ్డకట్టించి అమ్మే కొవ్వును కరిగించి, కొబ్బరి కోరు, పాలపొడి, బియ్యపు పేలాలు, ఎండుపండ్లు కలిపి, పళ్లెంలో పోసి, చల్లారాక ముక్కలు కోస్తారు. దాని పేరు ‘వైట్ క్రిస్మస్’. మంచు ఎన్నడూ పడని చోట కొబ్బరి కోరును మంచు అనుకున్నారన్నమాట! నాకు ఇది నవ్వు పుట్టిస్తుంది గాని, జాలి కూడా కలిగిస్తుంది. క్వీన్స్‌లాండ్‌లో మాత్రం డిసెంబరు మామిడిపండ్ల కాలం. అక్కడి ప్రసిద్ధమైన బోవెన్ మామిడి 19వ శతాబ్దంలో మన దేశానికి గుర్రాలను ఎగుమతి చేసిన వర్తకుల ద్వారా వచ్చిందని చెబుతారు. ఆస్ట్రేలియాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు క్రిస్మస్ బల్ల మీద మామిడిపండు పరాయిగా అనిపించకపోవచ్చు.

మంచును పూర్తిగా వదులుకోలేనివారు మరొక పని చేశారు. సిడ్నీకి పడమటనున్న బ్లూ మౌంటెన్స్‌లో 1980 ప్రాంతాన హోటళ్లు జూలై చలిలో పుడ్డింగు, నెగడు, అలంకరణలతో వేడుక మొదలుపెట్టాయి. అది వ్యాపారంగా బాగా నడిచింది. చలికాలపు సరంజామా అంతా ఉండి, ప్రభువు జన్మదినం లేని పండుగ అది. దేనిని దేనినుంచి విడదీయవచ్చో ఇంత స్పష్టంగా వేరే ఎక్కడా కనబడదు.

పాటలు, ప్రార్థనలు

పాటలు వంటకంటె నిదానంగా మారాయి. 1938లో మెల్బోర్న్ అలెగ్జాండ్రా గార్డెన్స్‌లో రేడియో వ్యాఖ్యాత నార్మన్ బ్యాంక్స్ కొవ్వొత్తుల వెలుగులో క్రిస్మస్ పాటల కూడికను ఆరంభించాడు. సుమారు పదివేల మంది వచ్చారు. వేసవి రాత్రి ఆరుబయట కూర్చోవచ్చు గనుక అది సాధ్యమైంది. లండనులో డిసెంబరు రాత్రి అది జరిగే పని కాదు. కాని ఆ వేలమంది పాడినవి చాలవరకు మంచు పాటలే. జాన్ వీలర్, విలియం జేమ్స్ 1948లో ఆస్ట్రేలియా ఎండను, పశువుల కాపరులను, కొంగలను పేర్కొనే క్రిస్మస్ గీతాల మొదటి సంపుటి ప్రచురించారు. న్యూజిలాండ్‌లో షర్లీ ఎరీనా మర్రే తలకిందుల క్రిస్మస్ గురించి 1980లలో కీర్తన రాసింది. 1989లో అక్కడి ఆంగ్లికన్ సంఘం తన ప్రార్థన గ్రంథాన్ని ఇంగ్లీషు, మావోరీ భాషలలో వెలువరించి, స్థానిక చెట్లు, పక్షులు దేవుని స్తుతించే కీర్తనను అందులో చేర్చింది. మార్స్‌డెన్ ప్రసంగానికి, ఈ గ్రంథానికి మధ్య 175 ఏళ్లు. ఇంటి బల్ల మీదికి పొహుతుకావా 1857కే వచ్చింది. ఆరాధన గ్రంథం చాలా ఆలస్యంగా దాని వెనుక నడిచింది.

మన ముంగిట

మన సంగతికి వద్దాం. మనకు పాటల విషయంలో అంత ఆలస్యం జరగలేదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో చాలా పాటల తలమీద రాగం, తాళం రాసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి వంటి కవులు 19వ శతాబ్దంలోనే ఆ దారి వేశారు. వంటలోనూ మనవారు త్వరపడ్డారు. కోస్తా జిల్లాలలో క్రైస్తవ ఇళ్లలో క్రిస్మస్‌కు అరిసెలు వండుతారు. కొత్త బియ్యం నానబోసి, దంచి, బెల్లపు పాకంలో కలిపి చేసే ఈ వంట పంట ఇంటికి వచ్చే కాలానిది. దానిని నేర్పడానికి ఏ మిషనరీ రానక్కర లేకపోయింది.

అలంకరణ దగ్గరే చిక్కు వచ్చింది. గుడిలో సరుగుడు కొమ్మ నిలబెట్టి, దానికి దూది అంటిస్తే ఎవరూ ప్రశ్నించరు. గుడి వాకిట ముగ్గు వేసి మామిడి తోరణం కడితే అన్యాచారమని అభ్యంతరం వస్తుంది. దూది మంచు బైబిలులో ఉందా అని అడిగినవారు నాకు కనబడలేదు. నిజానికి చలిదేశపు చెట్టులా కనిపించే ఆ సరుగుడు ఆస్ట్రేలియా, ఆగ్నేయాసియా తీరాల చెట్టు. 19వ శతాబ్దంలో వంటచెరుకు కోసం, రైలింజన్ల కట్టెల కోసం మద్రాసు రాష్ట్రపు సముద్రతీరాన విస్తారంగా నాటారు. క్రిస్మస్ మండువేసవిలో వచ్చే దేశపు చెట్టుకు మనం మంచు అతికిస్తున్నాం.

అయితే ‘మామిడి తోరణం మనది, దూది పరాయిది’ అని అంత సులువుగా తేల్చడానికి వీలులేదు. మన సంఘాలలో అధికభాగం మాల, మాదిగ పల్లెలనుంచి వచ్చినవి. మన దేశీయ వస్తువు అన్నప్పుడు అది ఎవరిదని అడగాలి. ఊరి పెద్దిళ్ల ముంగిటి అలంకారాన్ని తెచ్చి అదే తెలుగుతనమంటే, పేటలోని విశ్వాసి మరొకసారి పక్కకు నెట్టబడతాడు. ఆ పేటకు చెందిన వస్తువు డప్పు. చావుకు, జాతరకు వెట్టిగా కొట్టవలసి వచ్చినది గనుక దానిని తొలితరం విశ్వాసులు విడిచిపెట్టారు. మిషనరీలూ వద్దన్నారు. ఇప్పుడు కొన్ని సంఘాలలో క్రిస్మస్ ఊరేగింపులో మళ్లీ డప్పు మోగుతోంది. యువకులు గర్వంగా వాయిస్తారు. కొందరు వృద్ధులకు మాత్రం ఆ శబ్దం పాత అవమానాన్ని జ్ఞాపకం చేస్తుంది. ఇద్దరూ న్యాయమే మాట్లాడుతున్నారు. పొహుతుకావా, మూడ్జార్ చెట్ల మధ్య మనం చూసిన తేడా ఇక్కడ పనికివస్తుంది. ఆ బాధ ఎరిగినవారు తమంతట తాము తెచ్చినప్పుడు డప్పు గుడిలోకి రావచ్చు. సాంస్కృతిక కార్యక్రమం పేరుతో, వేదాంత కళాశాలలో చదివిన మనబోటివారు పైనుంచి పురమాయించి తేదగినది కాదు.

బిషప్ అజరయ్య నాయకత్వంలో కట్టిన దోర్నకల్ దేవాలయం 1939 జనవరి 6న, అంటే జ్ఞానుల ప్రత్యక్షతా పండుగ నాడు, ప్రతిష్ఠించబడింది. గుడి, మసీదు, చర్చి నిర్మాణ రీతులు అందులో కలిసి ఉన్నాయి. దాని కొలతల గురించి, శిల్పం గురించి మన విద్యార్థులు వ్యాసాలు రాస్తుంటారు. దాని చుట్టుపక్కల పల్లె సంఘాలలో ఆ తొలి దశాబ్దాలలో క్రిస్మస్ నాడు ఏమి వండారో, గుడి వాకిట ఏమి కట్టారో, ఏది కట్టవద్దని ఎవరు అన్నారో తెలిసిన ముసలివారు ఇంకా కొందరు మిగిలి ఉన్నారు. వారి దగ్గర కూర్చొని ఆ సంగతులు రాసిపెట్టే పని బి.డి. విద్యార్థులకు సెలవులలో అప్పగించవచ్చు.